కారు వెనక బండి కట్టదలచినవారికి

బళ్లారి సీమలోని తెలుగు గృహస్థుకు బండి కట్టడం కొత్త సంగతి కాదు. మైలార జాతరకో, కురువత్తి తిరునాళ్ళకో గూడుబండి సిద్ధంచేసి, లోపల వరిగడ్డి పరచి, దానిమీద బొంత వేసి, ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ ఎక్కించి, బియ్యం, పప్పు, పొయ్యికట్టెలు వెంటబెట్టుకొని, దారిలో చెట్టునీడ చూసి వండుకుతింటూ పోయిన కుటుంబాలు మన సంఘంలో ఎన్నో ఉన్నాయి. ఆ కాలం చూసిన పెద్దలను కదిలిస్తే కథలకు అంతుండదు. ఇప్పుడు ఆ పాత ముచ్చటే కొత్త వేషంతో వచ్చింది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లలు కారు వెనక చిన్న ఇల్లువంటి ట్రైలరు తగిలించుకొని అడవులూ కొండలూ తిరిగి ఫోటోలు పంపుతున్నారు. సెలవులకు వచ్చినప్పుడు, "నాన్నా, మనమూ ఇలాంటిది ఒకటి చేయించుకుందాం. శ్రీశైలం పోయినా, హంపి పోయినా అమ్మకు దారిలో ఇబ్బంది ఉండదు" అంటున్నారు.

ఇది వట్టి షోకు అని కొట్టివేయడానికి వీల్లేదు. మోకాళ్ళ నొప్పులున్న ఇల్లాలికి, చక్కెరజబ్బుతో గంటకొకసారి లేవవలసిన పెద్దాయనకు ప్రయాణమంటే మొట్టమొదటి భయం దారిలో మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందన్నదే. పెండ్లి పిలుపు వచ్చినా ఈ భయంతోనే రాలేమని చెప్పే పెద్దలు మనకు తెలుసు. పైగా మన ప్రయాణాలు తప్పేవి కావు. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి పోయాయి. ఆనాటినుంచి మన ఇల్లు ఒక రాష్ట్రంలో, వియ్యాలవారి ఇల్లు మరొక రాష్ట్రంలో. ముహూర్తమైనా, కర్మాంతరమైనా సరిహద్దు దాటవలసిందే. అందుచేత పడుకోవడానికి చోటు, కాస్త వంటకు వీలు, ఒక మూల మరుగు గల చిన్న ట్రైలరు మీద ఆశ పుట్టడం సహజమే.

ఆశ పుట్టగానే వచ్చే ప్రశ్న, దాన్ని లాగడానికి ఏ కారు కొనాలి అన్నది. ఇక్కడ నూటికి తొంభైమంది గృహస్థులు ఇంజను ఎంత బలమైనది అని మాత్రమే అడుగుతారు. అమ్మేవాడూ అదే చెబుతాడు. కాని లాగడం అన్నింటిలోకీ సులువైన పని. ఈనాటి ఏ మాదిరి కారైనా చదునైన దారిలో ఒక చిన్న ట్రైలరును లాగేస్తుంది. అసలు చిక్కు లాగేటప్పుడు రాదు, ఆపేటప్పుడు వస్తుంది.

మా బంధువులలో ఒక పెద్దాయన ఉండేవారు. బండెద్దులను బేరమాడడంలో చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన మాటకు విలువ ఉండేది. ఒకసారి అల్లుడు ఒంగోలు జత ఒకటి చూసి వచ్చి, "మామా, ఎంత బరువేసినా గుంజుతాయి" అని మురిసిపోతే ఆయన, "గుంజేది ఏ ఎద్దయినా గుంజుతుందప్పా. దిగువలో బండి మీదికి తోసుకొని వస్తే నిలబడతాయా, అది చూసినావా?" అన్నారు. కొనేముందు ఆయన ఎద్దులను బరువుబండికి కట్టించి, ఎత్తు ఎక్కించడం కాదు, ఎత్తునుంచి దింపించి చూసేవారు. కారును ఎంచుకునే గృహస్థుకు ఇంతకంటే మంచి పాఠం ఏ కంపెనీ పుస్తకంలోనూ దొరకదు.

అయితే గూడుబండి మనకు ఒక చెడ్డ అలవాటును కూడా నేర్పింది. దాన్ని గురించే ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పవలసి ఉంది. ఎద్దులబండిలో మనుషులు కూర్చునేది లాగబడే బండిలోనే గదా. గంటకు రెండు మూడు మైళ్ళ నడకలో దానివల్ల ప్రమాదం లేదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట నిలిచి, కాలువలు పారి, సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలకు కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు వేసుకొన్న తరువాత ట్రాక్టర్లు పెరిగాయి. ఎద్దుల స్థానంలో ట్రాక్టరు వచ్చింది, బండి స్థానంలో దాని ట్రైలరు వచ్చింది. మనుషులు మాత్రం ఎక్కే చోట మార్చుకోలేదు. జాతరకైనా, పెండ్లికైనా, కూలిపనికైనా ట్రైలరులోనే ఎక్కారు, ఈనాటికీ ఎక్కుతున్నారు. సరుకులకోసం చేసిన బండిలో మనుషులను ఎక్కించరాదని చట్టం చెబుతున్నా వినేవారు తక్కువ. 2018 జూన్ 24న తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలికి పోతున్నవారి ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేనుమంది పోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలే. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశంలో కాన్పూరు జిల్లా ఘాటంపూర్ ప్రాంతంలో దేవీదర్శనం చేసుకొని తిరిగివస్తున్న వారి ట్రైలరు చెరువులో బోర్లాపడి ఇరవయ్యారుగురు చనిపోయారు. ఆ రెండు చోట్లా ట్రాక్టరుకు బలం చాలక ఎవరూ చావలేదు. లాగబడే బండిలో కూర్చున్నందువల్ల చనిపోయారు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. కారు కొనే మాట వచ్చినప్పుడు మూడోనాటికో నాలుగోనాటికో ఎవరో ఒకరు, "అయిదు సీట్ల కారు చాలు, అమ్మ వెనక ట్రైలరులో హాయిగా పడుకొని వస్తుంది" అంటారు. ప్రేమతో అన్న మాటే. కాని ట్రైలరు ఎంత అందంగా ఉన్నా, లోపల పరుపు ఎంత మెత్తగా ఉన్నా, కదిలేటప్పుడు అందులో ఒక ప్రాణి కూడా ఉండరాదు. బ్రిటన్‌లో అలా కూర్చోబెట్టడం నేరం. అందుకు కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ట్రైలరు గోడలు తేలికగా ఉండాలని పలుచటి రేకుతోనో, చెక్కపలకలతోనో చేస్తారు. అందులో నడుముకు కట్టుకునే పట్టీలు ఉండవు. ముందు కారు నడిపేవాడికి లోపలివారి కేక వినిపించదు. దానికి తోడు కారుకు తగిలిన చిన్న కుదుపు వెనక ట్రైలరుకు వచ్చేసరికి పెద్దదవుతుంది. కనుక ఇంట్లో ఎంతమంది ప్రయాణం చేస్తారో అంతమందీ కారులోనే, సీట్లలోనే కూర్చోవాలి. కారు ఎంపిక ఈ లెక్కతో మొదలుకావాలిగాని ఇంజనుతో కాదు.

మనుషుల లెక్క అయినాక బరువుల లెక్క. ఇది కొంచెం విసుగు పుట్టించినా ఒక్క సాయంత్రం కాగితం పెన్సిలు పట్టుకొని కూర్చుంటే తేలిపోతుంది. మచ్చుకు ఒక చిన్న ట్రైలరు ఖాళీగా 550 కిలోలు అనుకుందాం. ఇంటి గ్యాసు సిలిండరులో గ్యాసు 14.2 కిలోలైనా ఇనుముతో కలిపి దాదాపు 30 కిలోలు. యాభై లీటర్ల నీళ్ళంటే 50 కిలోలు. బ్యాటరీ 25. బియ్యం, పప్పులు, గిన్నెలు, కుక్కరు, పొయ్యి కలిసి 60 అనుకోండి. మన ఇల్లాండ్రు సర్దితే అంతకు తక్కువ కాదు. పరుపులు, దుప్పట్లు, మడతకుర్చీలు 45. అంతా కూడితే 760 అయింది. ఖాళీ బరువు చెప్పి అమ్మినవాడి మాట నిజమే, మన సామానుకూడా నిజమే. కాబట్టి ట్రైలరు బరువు అంటే నిండా సర్దిన తరువాత ఉండే బరువు అని పట్టుకోవాలి. మన ఊళ్ళో దీనికి ఒక సౌకర్యం ఉంది. ధాన్యం, ప్రత్తి, ఇనుపఖనిజం వ్యాపారాల పుణ్యమా అని బళ్లారి, హొసపేట చుట్టూ లారీ కాటాలకు కరువు లేదు. సర్దిన ట్రైలరును ఒకసారి కాటా ఎక్కించి చీటీ తీసుకుంటే ఇక ఊహలతో పని ఉండదు.

ఈ 750 కిలోల గీత ముఖ్యమైనది. మన దేశపు వాహనాల వర్గీకరణలో 750 కిలోల వరకు ఒక తరగతి, అది దాటితే 3,500 కిలోల వరకు మరొక తరగతి. ఐరోపా దేశాలలో 750 దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు తప్పనిసరి. 750 లోపు ఉండి బ్రేకులు లేకపోతే అది కారు బరువులో సగానికి మించరాదని బ్రిటన్‌లో నియమం. ఆ లెక్కన 700 కిలోల బ్రేకులేని ట్రైలరును లాగే కారు ఖాళీగా 1,400 కిలోలైనా తూగాలి. మన ఇళ్ళముందు నిలబడే చిన్నకార్లు చాలావరకు 800 నుంచి 1,000 కిలోల మధ్యవి. బ్రేకులున్న ట్రైలరైనా కొత్తగా నడిపేవారికి కారు బరువులో నూటికి ఎనభై అయిదు పాళ్ళు మించరాదని అక్కడివారి సలహా. తోక బలిస్తే కుక్కను ఊపుతుంది. కారు సంగతీ అంతే.

ట్రైలరు బ్రేకులలో సాధారణంగా రెండు రకాలు. ఒకటి, కారు ఆగబోయినప్పుడు ట్రైలరు ముందుకు తోసుకొని వచ్చే ఆ ఒత్తిడితోనే తన బ్రేకు తాను వేసుకునేది. రెండవది విద్యుత్తుతో పనిచేసేది. అమెరికాలో ఇది ఎక్కువ. ఏ రకమైనా సరే, బ్రేకులు లేని ట్రైలరును చవకగా వచ్చిందని కొనవద్దని నా అభిప్రాయం. సండూరు కొండదారిలో ఎదురుగా ఖనిజపు లారీ, వెనకనుంచి ఏడెనిమిది వందల కిలోల తోపుడు వచ్చినప్పుడు ఆ చవక ఎంత ఖరీదో తెలుస్తుంది. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది.

తరువాతిది కొక్కెం మీద పడే బరువు. దీన్ని మనవారికి వేరే చెప్పనక్కరలేదు. బండిలో ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలమీద కూర్చుంటుంది, వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దులకు పట్టు తప్పుతుంది. బస్తాలను అటూ ఇటూ జరిపి మెడమీద తగినంతే ఉండేట్టు చూడడం బండితోలే ప్రతివాడికీ తెలిసిన విద్య. ట్రైలరుకూ అదే. అమెరికావారు మొత్తం బరువులో నూటికి పదినుంచి పదిహేను పాళ్ళు కొక్కెంమీద ఉండాలంటారు. ఐరోపావారు అయిదునుంచి ఏడు పాళ్ళు చాలంటారు. కారు కంపెనీ తన పుస్తకంలో ఇంతకు మించరాదని ఒక అంకె ఇస్తుంది, దాన్ని దాటకూడదు. కొక్కెంమీద బరువు చాలకపోతే వేగం పెరిగేకొద్దీ ట్రైలరు పాములా అటూ ఇటూ ఊగుతుంది. ఆషాఢపు గాలులలో మన మైదానపు రోడ్లమీద పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ఆ ఊపు మొదలవుతుంది. అప్పుడు కంగారుపడి స్టీరింగు తిప్పరాదు, గట్టిగా బ్రేకు వేయరాదు. మెల్లగా ఆక్సిలరేటరు వదలి వేగం తగ్గనివ్వాలి. నీళ్ళడబ్బా, గ్యాసు, బియ్యం ఇరుసుకు దగ్గరగా, అడుగున సర్దాలి. వెనక కిటికీకింద చోటుందిగదా అని బరువులన్నీ అక్కడ తోయడం మహా ప్రమాదం.

కొక్కెంమీద పడే బరువు కారు మోసే బరువులో చేరుతుందని చాలామంది మరచిపోతారు. 760 కిలోలకు నూటికి పది పాళ్ళన్నా 76 కిలోలు, అంటే వెనక సీటు వెనక ఇంకొక మనిషి కూర్చున్నట్టు. మనిషికి 65 చొప్పున అయిదుగురు 325 కిలోలు. కారులో పెట్టిన సంచులు 50. మొత్తం 451. కారు మోయగలిగినది, అంటే పూర్తి బరువునుంచి ఖాళీ బరువు తీసివేయగా మిగిలేది, 500 అయితే సరిపోయింది. 400 అయితే మామగారు ఇంటిదగ్గర ఆగిపోవాలి, లేదా ట్రైలరు ఆగిపోవాలి.

ఇన్ని లెక్కలూ వేసిన తరువాత మనదేశంలో మిగిలేవి జీపు వంశపు బండ్లే ఎక్కువ. మహీంద్రావారు 1947లో జీపులు బిగించడం మొదలుపెట్టిననాటినుంచి ఆ వంశం మనకు తెలిసినదే. రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యం జీపు వెనక పావుటన్ను ట్రైలరును తగిలించి తిప్పింది. ఈ వంశపు బండ్లకు అడుగున గట్టి ఇనుపచట్రం ఉంటుంది, కొక్కెం బిగించడానికి పట్టు దొరుకుతుంది. బొలేరో, స్కార్పియో ఇలాంటివి. కాని పేరొక్కటే చూసి మోసపోరాదు. ఇన్నోవాలలో క్రిస్టా అన్నది చట్రంమీద కట్టిన బండి, వెనకచక్రాలతో నడుస్తుంది. 2022లో వచ్చిన హైక్రాస్ వేరే చట్రం లేకుండా చేసినది, ముందుచక్రాలతో నడుస్తుంది. కొక్కెంమీద బరువు పడినప్పుడు కారు వెనకభాగం కుంగి ముందుభాగం తేలిక అవుతుంది గనుక ముందుచక్రాల బండికి ఎత్తుమీద పట్టు తగ్గుతుంది. వానపడిన రేగడిలో విడిది చేస్తే ఆ తేడా బాగా తెలిసివస్తుంది. ముందుచక్రాల కార్లన్నీ పనికిరావని కాదు. ఐరోపాలో వాటితోనే లాగేవారు కోకొల్లలు. అక్కడి రోడ్లు వేరు, రేగడి వేరు. విద్యుత్తు కార్లకు లాగే సత్తువ కావలసినంత ఉంది. కాని ట్రైలరు తగిలిస్తే ఒక చార్జీతో పోయే దూరం సగానికి దగ్గరగా పడిపోతుంది.

అన్నింటికంటే ముందు కారుతో వచ్చిన పుస్తకం తెరచి చూడాలి. మనదేశంలో అమ్మే కొన్ని కార్ల పుస్తకాలలో ఇది ట్రైలరు లాగడానికి చేసినది కాదని స్పష్టంగా అచ్చువేసి ఉంటుంది. అలా ఉంటే బేరం అక్కడితో ముగిసినట్టే. "పుస్తకాలకేమిలే సార్, నేను కొక్కెం వెల్డింగు చేసిస్తాను" అనే వర్కుషాపులు మన ఊళ్ళో వీధికి రెండున్నాయి. ట్రాక్టరుకు వారు చేసే పని మెచ్చుకోదగినదే. కారు బంపరుకు అతికించిన కొక్కెం అలాంటిది కాదు. చట్రానికి బోల్టులతో బిగించినది, తూకం అంకె చెక్కి ఉన్నది కావాలి. దానితోపాటు, కొక్కెం ఊడినా ట్రైలరు విడిపోకుండా పట్టుకునే గొలుసులు రెండు ఉండాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా ఒక వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషను, వేరే నంబరు ఉండాలి. పైగా లాగే కారు నంబరును కూడా ట్రైలరుమీద కనిపించేట్టు రాయాలి. కారులో కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్పులు చేయడాన్ని ఆ చట్టం 52వ సెక్షను కట్టడి చేస్తుంది. కనుక డబ్బు కట్టకముందే ఆర్.టి.ఓ. ఆఫీసుకు పోయి, ఈ కారుకు ఈ ట్రైలరు రిజిస్టరవుతుందా అని అడగడం మంచిది. ఇన్సూరెన్సువారికి కూడా కాగితంమీద తెలియజేయాలి. కె.ఎ. 34 నంబరుతో మనం నిత్యం ఆంధ్రకు పోయి వస్తుంటాం గనుక కాగితాలు సరిగా లేకపోతే చెక్కుపోస్టు దగ్గర వాదన తప్పదు.

ఈ లెక్కలో చాలా కుటుంబాలకు ట్రైలరు అసలు పొసగదని తేలుతుంది. ఇంట్లో ఆరేడుగురు ప్రయాణం చేసేవారైతే, ఏడు సీట్ల బండి మనుషులతోనే నిండిపోతుంది. కొక్కెంమీద బరువుకు చోటుండదు. అలాంటివారు ఏడాదికి రెండుమూడు ప్రయాణాలకోసం ట్రైలరు కొనేకంటే టెంపో ట్రావెలరు బాడుగకు మాట్లాడుకొని, అమ్మగారికోసం మడతపెట్టే కమోడు కుర్చీ, ఒక చిన్న గుడారం వెంటతీసుకుపోతే పని జరుగుతుంది. పడకలూ మరుగుదొడ్డీ బండిలోనే ఉండి, సీట్లకు పట్టీలతో సహా అమర్చిన మోటారు కారవాన్లు కూడా కొన్ని ఊళ్ళలో బాడుగకు దొరుకుతున్నాయి. ఖర్చు ఎక్కువే, కాని అందులో ముసలివాళ్ళు ప్రయాణం చేయవచ్చు. ఇద్దరు ముగ్గురున్న ఇళ్ళకు, ఊరూరా తిరగాలనే ఉత్సాహం ఉన్నవారికి ట్రైలరు తగినది.

కొన్నవారు మొదటి ప్రయాణం శ్రీశైలానికి పెట్టుకోవద్దు. ఆ ఘాటురోడ్డు మలుపులలో వెనకబండి ఎటు తిరుగుతోందో తెలియాలంటే చేయి కుదిరి ఉండాలి. ఒక ఆదివారం తెల్లవారుజామున ఎవరినీ ఎక్కించుకోకుండా బళ్లారినుంచి హొసపేటదాకా, అరవై చిల్లర కిలోమీటర్లు, పోయిరండి. వెనక్కి నడపడం ఖాళీ మైదానంలో నేర్చుకోండి. ట్రైలరు ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలన్నది చేతికి ఎక్కడానికి రెండుమూడు పూటలు పడుతుంది. ఇరవై కిలోమీటర్లు పోయినాక ఒకసారి ఆగి, గొలుసులు, కొక్కెం, టైర్లు చూసి, ట్రైలరు చక్రాల నడిమి భాగాన్ని చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంతగా కాలుతుంటే బేరింగులో గ్రీజు లేదన్నమాట, లేదా బ్రేకు పట్టేసి ఉందన్నమాట. ఆముదంలో మసి కలిపి ఇరుసుకు కందెన పెట్టిన ఇళ్ళవాళ్ళం గనుక ఆ వేడి దేనికి వస్తుందో మనకు మరొకరు చెప్పనక్కరలేదు. అక్కడే నిలిపి, చల్లారిన తరువాత మెల్లగా దగ్గరలోని మెకానికుదాకా నడిపించుకొని పోవాలి.